కుడివైపు ఫెండర్

నోవై, మిషిగన్
14 ఏప్రిల్ 1984

ఆశీర్వాదానికి,

వందనాలు చివర్లో చెబుతాను, మిగిలితే.

1971 అక్టోబరులో మా అమ్మకు చివరి రోజులని తెలిసి నేను గుంటూరు బయల్దేరినప్పుడు, డిట్రాయిట్ ఎయిర్‌పోర్టులో నా రెండు చేతులూ పట్టుకుని నువ్వొక మాట ఇచ్చావు. "బావగారూ, మీరు తిరిగొచ్చేదాకా మీ కారు గరాజ్ గడప దాటదు, నాదీ పూచీ" అన్నావు. నేను బొంబాయిలో దిగేసరికే అది గడప దాటింది. మీ అక్క డ్రైవింగ్ ప్రాక్టీసు చేస్తానంటే కాదనలేకపోయానన్నావు. ఆమె పోయి చర్చి ముందు ఇటుకలతో కట్టిన పేరు బోర్డును గుద్దింది. పదమూడేళ్ళయినా ఇంకా అదే తవ్వుతారేమిటని మీ అక్క విసుక్కుంటుంది. తవ్వుతాను. నాకు అరవై ఏడేళ్ళు. మరపు వచ్చే వయసు గనక ముఖ్యమైనవి ముందే రాసి పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. దెబోరాకు యాన్ ఆర్బర్ యూనివర్సిటీలో సీటు వచ్చిందని నీ భార్య శాంతి ఫోన్‌లో చెప్పింది. సంతోషం. నీ కూతురు ఏడేళ్ళప్పుడు ఈ దేశంలో దిగిన రోజున నా కారు హారన్ పట్టుకుని వదల్లేదు. "పై చదువుకు వెళ్ళేటప్పుడు ఇది నీదే" అని ఆ రోజే చెప్పాను. నేనిచ్చిన మాట గడప దాటదు. ఆగస్టులో పిల్ల వచ్చి తీసుకుపోవచ్చు.

అయితే ఇప్పుడున్నట్టుగా ఇవ్వను. ముదురాకుపచ్చ రంగు కాస్తా తుడిచీ తుడవని పలకలా తెల్లబారింది. దాన్ని మిషన్‌తో పాలిష్ చేస్తాను, నా చేతులతోనే. ఇరవై ఆరేళ్ళు కార్ల ఫ్యాక్టరీలో పెయింట్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాను. లోపం ఉన్నచోట సుద్దముక్కతో గీత పెట్టడం నా పని. ఆ గీత చూసి మిషన్ పట్టి మెరిపించడం ఇంకొకరి పని. ఒకసారి ఆ మిషన్ ఇటివ్వమని మా ఫోర్‌మన్ వాల్టర్‌ను అడిగాను. "నీ చేతులు సుద్దముక్కకే, రాజూ" అని లైనంతా నవ్వించాడు. వాల్టర్ చచ్చిపోయాడు. నేను నిన్న మిషన్ కొన్నాను.

మీ అక్క క్షేమం. వందనాలు మిగిలాయి, తీసుకో.

రత్నరాజు


పిస్కాటవే, న్యూజెర్సీ
25 ఏప్రిల్ 1984

పూజ్యులైన బావగారికి, అక్కకు,

ప్రభువు దయవల్ల అందరం బాగున్నాం. మీ ఉత్తరం చదివి శాంతి కళ్ళు తుడుచుకుంది. దెబోరా అయితే "మామయ్య ఈజ్ గివింగ్ మీ ద గ్రీన్ కార్!" అని ఇల్లంతా ఎగిరింది. దానికి పేరు కూడా పెట్టేసింది, దోసకాయ అని.

కానీ బావగారూ, పాలిష్ ఎందుకండీ? అది స్టూడెంట్ కారు. మంచులో, ఉప్పులో తిరిగేదానికి మెరుపు దేనికి? మా ఆఫీసులో కృష్ణమోహన్ అని ఒకాయన ఇలాగే పాలిష్ మిషన్ కొని ట్రై చేశాడు. ఒక్క సెకను ఒకేచోట ఆపాడట, పెయింట్ కాలిపోయి రేకు బయటపడింది. మీకేమో బీపీ. మీరు పట్టుబడితే ఆపేవాళ్ళెవరూ లేరు గాని, ఆ కుడివైపు ఫెండర్, అదే ముందు చక్రం మీది రేకు, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. అక్కడ ఎండ తగిలి పెయింట్ బాగా పల్చబడి ఉంటుంది. ఇంకా మంచిది, నేనే జూన్‌లో ఫ్లైట్‌లో వచ్చి కారు డ్రైవ్ చేసుకుని తెచ్చేసుకుంటాను. ఇక్కడ షాపులో ఇచ్చి చేయిస్తాను. మీకు శ్రమ ఉండదు.

జులై ఇరవై రెండున మా తెలుగు క్రైస్తవ సంఘంలో నన్ను సంఘపెద్దగా నిలబెడుతున్నారు. నాకంత యోగ్యత లేదని చెప్పినా వినలేదు. మీరిద్దరూ వచ్చి దీవించాలి.

అక్కకు మోకాలి నొప్పి తగ్గిందా?

మీ
దైవాశీర్వాదం


నోవై
20 మే 1984

ఆశీర్వాదానికి,

నువ్వు భయపెడితే నేను మానుకుంటానని ఎలా అనుకున్నావు? ఆరుగురు ఫోర్‌మన్లను చూసినవాణ్ణి.

మొదటి రోజు తప్పు నాదే, ఒప్పుకుంటాను. కాంపౌండు అనే పాలిష్ ముద్దను కారు మీద రాసి, మిషన్ ప్యాడ్ దానికి ఆనించాక మిషన్ తిప్పాలి. నేను ప్యాడ్‌కు దట్టంగా పట్టించి గాలిలోనే స్విచ్ నొక్కాను. నా చొక్కా, కళ్ళద్దాలు, గరాజ్ గోడ మీద కేలెండరు, అన్నీ ఏకమయ్యాయి. మీ అక్క తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, కారుకు పూయమన్నారా, మీకు పూసుకోమన్నారా?" అంది. ఆ తరువాత ఒక పాత చీర తెచ్చి ఏప్రన్‌లా నా మెడకు కట్టింది. మంగలి ముందు కూర్చున్నట్టుగా ఉన్నానని నవ్వింది. మీ అక్క నా గరాజ్‌లోకి వచ్చి నవ్వడం చాలా ఏళ్ళకు చూశాను.

మిషన్ ఎద్దులాంటిది. మనం ఒకవైపు నడిపితే అది ఇంకోవైపు లాగుతుంది. గట్టిగా అదిమి పట్టిన కొద్దీ మొండికేస్తుంది. రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది, దాని బరువు దాన్నే మోయనివ్వాలి, మనం దారి మాత్రమే చూపాలి, ఎక్కడా నిలవనివ్వకూడదు. తెల్లటి ఉన్ని ప్యాడ్‌కు ఆకుపచ్చ రంగు దిగుతుంటే భయపడకూడదు. చచ్చిన పొర అది, పోవలసిందే. మొదట హుడ్ మీద, అంటే ఇంజను మూత మీద, సాలెగూడులా సన్నటి గీతలు పడ్డాయి. సుద్దముక్క తెచ్చి నా పని మీద నేనే గీతలు పెట్టుకుని, మళ్ళీ చేశాను. మూడోసారికి హుడ్‌లో మా ఇంటి ముందున్న మేపుల్ చెట్టు కొమ్మలతో సహా కనబడింది. వాల్టర్ సమాధి ఎక్కడుందో కనుక్కుని ఆ హుడ్ తీసుకెళ్ళి చూపించాలనిపించింది.

హుడ్, పైకప్పు, ఎడమ పక్క అంతా అయింది. కుడి పక్క మిగిలింది. ఇప్పుడు చెప్పు. ఆరు వందల మైళ్ళ దూరాన కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా కారు ముఖం చూడనివాడివి, కుడి ఫెండర్ మీద పెయింట్ పల్చబడిందని నీకెలా తెలిసింది? నా గరాజ్‌లోకి ఎండ ఎడమవైపు నుంచి వస్తుంది.

నీకు తెలిసిన కథే, అయినా నాకు తెలిసినట్టు రాస్తాను. తేడా ఉంటే నువ్వు దిద్దు. నేను గుంటూరు నుంచి తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు పాస్టరుగారు వచ్చారు. దారిలోనే చెప్పారు. మనకు ఆరాధనకు బేస్‌మెంట్ ఇచ్చిన ఆ అమెరికా చర్చి బోర్డును ఆకుపచ్చ కారు ఒకటి గుద్ది, ఆగకుండా పోయిందని, కార్లో చీర కట్టుకున్న మనిషి ఉందని అక్కడి కాపలాదారు చూశాడని. చుట్టుపక్కల ఆకుపచ్చ కారూ చీరా రెండూ ఉన్న ఇల్లు నాదొక్కటే. ఇంటికొచ్చి చూస్తే ముందు బంపర్‌ను వంగినచోట సాగగొట్టిన గుర్తు, సందులో ఇటుకపొడి. ఆ ఆదివారమే, ఎవరి సంగతి వారు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నిలబడి, నా భార్య చేసిన తప్పుకు సంఘాన్ని క్షమాపణ అడిగాను. అయినా వాళ్ళు ఆ చలికాలమంతా మనకు బేస్‌మెంట్ ఇవ్వలేదు. ఎనిమిది కుటుంబాలు వంతులవారీగా ఇళ్ళలో ప్రార్థన చేసుకున్నాం. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు, "వసంతమ్మగారు వస్తున్నారు, గోడలు జాగ్రత్త" అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను.

మీ అక్క "నేను గుద్దలేదు" అని ఒక్కసారే చెప్పింది. బంపర్ అబద్ధమాడుతుందా అన్నాను. కారు తాళం లాగేసుకున్నాను. ఆనాటి నుంచి ఎవరైనా వచ్చి తీసుకెళ్తే తప్ప ఆమె గడప దాటింది లేదు. పదమూడు చలికాలాలు.

వచ్చే వారం కుడి పక్క మొదలుపెడతాను.

రత్నరాజు


పిస్కాటవే
29 మే 1984

బావగారికి,

ప్లీజ్, ఇక ఆపండి. దెబోరాకు ఇక్కడే ఒక యూజ్డ్ కారు చూశాను. మీ కారు మీ దగ్గరే ఉంచుకోండి, మీ జ్ఞాపకంగా ఉంటుంది. పాత సంగతులు ఇప్పుడెందుకు? ప్రభువు మరిచిపోయినవి మనం గుర్తుపెట్టుకోవడం మంచిది కాదు. అక్కను ఏమీ అడగకండి. మీ కాళ్ళకు దండం పెడతాను.

మీ
దైవాశీర్వాదం


నోవై
10 జూన్ 1984

ఆశీర్వాదానికి,

ఫెండర్ కాలింది.

హెడ్‌లైట్ పైనుంచి తలుపుదాకా మడతలా ఒక గట్టు ఉంటుంది చూడు, అక్కడ పెయింట్ ఎప్పుడూ పల్చగా ఉంటుంది. టేపు అంటించి కాపాడుకోవాలి. అంటించాను. టేపు అంచు లేచింది, నేను దాన్ని చూస్తూ చెయ్యి కదపడం మరిచాను. రెండు సెకన్లు. కాలిన వాసన వచ్చి మిషన్ ఎత్తేసరికి వేలెడంత మేర ఆకుపచ్చ పోయింది.

దాని కింద తెలుపు.

మా లైన్‌లో ప్రతి కారుకూ రేకు మీద బూడిదరంగు పూత, దాని మీద కారు రంగు. అంతే. ఆకుపచ్చ కారులో తెలుపుకు చోటు లేదు. ఎడమ ఫెండర్ లోపలి అంచున, ఎవరికీ కనబడనిచోట, గరుకు కాగితంతో రుద్ది చూశాను. ఆకుపచ్చ, బూడిదరంగు, రేకు. కుడివైపు అదేచోట రుద్దాను. ఆకుపచ్చ, తెలుపు, బూడిదరంగు, రేకు. కుడి ఫెండర్ నా కారుది కాదు. ఏదో తెల్ల కారుకు పుట్టి నా కారుకు దత్తత వచ్చింది. చేసినవాడు పనిమంతుడు, లోపలివైపు కూడా ఆకుపచ్చ కొట్టాడు. పదమూడేళ్ళు ఒక పెయింట్ ఇన్‌స్పెక్టర్ ఇంట్లో దాక్కుంది.

మీ అక్కకు ఫెండర్ మార్పించే మనిషి ఎవరూ తెలియదు. అప్పటికి ఆమెకు ఈ ఊళ్ళో పాలు ఎక్కడ దొరుకుతాయో కూడా నేనే చూపించాలి. నీకు తెలుసు. బోర్డును గుద్దినప్పుడు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది?

ఆమెను పిలిచి ఆ మచ్చ చూపించాను. వంగి చూసింది. వేలితో తడిమింది. "చేతులు కడుక్కుని అన్నానికి రండి" అని లోపలికి వెళ్ళిపోయింది. నేనేమీ అడగలేదు. నీ నోటితోనే వినాలని ఆగాను.

జులై ఒకటి ఆదివారం. మా సంఘంలో సాక్ష్యాల సమయం ఇప్పటికీ ఉంది. అలా నవ్వినవాళ్ళలో సగంమంది ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు. వచ్చి, లేచి నిలబడి, చెప్పు. రాకపోతే ఇరవై రెండో తారీకున నిన్ను పెద్దగా నిలబెట్టేవాళ్ళకు నేను ఉత్తరం రాస్తాను. నా చేతిరాత నీకు తెలుసు, గుండ్రంగా ఉంటుంది, ఎవరైనా చదవగలరు.

రత్నరాజు


పిస్కాటవే
19 జూన్ 1984

బావగారికి,

నా చేతిలో ఉంది.

నాకు లైసెన్సు లేదు. నేర్చుకుని ఉద్యోగానికి పనికొద్దామని ఆశ. అక్క వద్దంది. బలవంతం చేసి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చర్చి దగ్గర మలుపు తిప్పుతుంటే కారు కుడివైపు పోయింది. "కాలు తియ్‌రా, కాలు తియ్" అని అక్క అరిచింది. బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కాను. ఈ దేశంలో స్టీరింగ్ ఎడమవైపు గనక, దెబ్బ ఆమె కూర్చున్న కుడివైపే తగిలింది. అక్క మోకాలు డాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఆ నొప్పి చలివల్లనని మీతో చెబుతూ వచ్చింది.

అప్పటికి నా గ్రీన్ కార్డు పేపర్లు ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి. రెండు వారాల్లో ఇంటర్వ్యూ. శాంతి, నాలుగేళ్ళ దెబోరా గుంటూరులో ఎదురుచూస్తున్నారు. లైసెన్సు లేకుండా గుద్ది పారిపోయానని తెలిస్తే అంతా పోతుందని ఏడ్చాను. నాతోపాటు ఫ్లాట్‌లో ఉండే పోలండ్ అతని అన్నయ్యకు రిపేరు షెడ్డు ఉండేది. పాత సామాన్ల యార్డు నుంచి తెల్ల ఫెండర్ తెచ్చి మూడు రోజుల్లో మార్చేశాడు. బంపర్ దొరక్క సుత్తితో సాగగొట్టాడు.

మీరు రాగానే నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. నమ్మండి. మీరు పెట్టె కూడా దించకుండా బంపర్ మీద చెయ్యి పెట్టి, "వసంతా, ఎందుకు గుద్దావు?" అన్నారు. నేను నోరు తెరవబోతే అక్క నా కాలు తొక్కింది. పేపర్లు వచ్చాక నువ్వే చెప్పు అంది. సరేనని, అక్కే నడిపిందని మీతో అన్నాను. పేపర్లు వచ్చాయి. శాంతీ పాపా వచ్చారు. తరువాత ఈ ఉద్యోగం. ప్రతిసారీ ఇంకొక్క ఏడాది అనుకున్నాను.

ఒకటో తారీకున రాలేను. ప్రయత్నించాను, టికెట్ కూడా బుక్ చేసి మళ్ళీ కేన్సిల్ చేశాను. ఆ మనుషుల ముఖాలు చూడలేను. మీరు మా సంఘానికి రాయదలుచుకుంటే రాయండి. మీకా హక్కు ఉంది. ఒక్క ఉపకారం చేయండి, దెబోరాకు మాత్రం నేను చెప్పుకునేదాకా చెప్పకండి.

దైవాశీర్వాదం


నోవై
15 జులై 1984

ఆశీర్వాదానికి,

నీ ఉత్తరం వచ్చిన రోజున మీ అక్క ముందు పెట్టాను. చదివి మడిచి ఇచ్చేసింది. పదమూడేళ్ళు నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. నేను గట్టిగా తప్ప అడగలేను.

ఆమె బీన్సు తుంచుతూనే ఉంది. "ఎవరు గుద్దారని మీరు ఎప్పుడైనా అడిగారా? ఎందుకు గుద్దావు అనే అడిగారు" అంది.

"నేను గుద్దలేదని చెప్పావు కదా, ఎవరో కూడా చెబితే పోయేదిగా?"

"చెప్పినదాన్నే నమ్మలేదు. ఇంకో మాట దేనికి, దండగ."

నేను లేచి గరాజ్‌లోకి వెళ్ళాను. ఈ మధ్య లైబ్రరీ నుంచి రోము చక్రవర్తుల చరిత్ర ఒకటి తెచ్చి చదువుతున్నాను, లావాటి సంపుటాలు. సాక్షిని పిలవకుండా శిక్షలు వేసినవాళ్ళు పేజీ పేజీకీ తగులుతారు. అంచున పెన్సిలుతో మూర్ఖుడు, మూర్ఖుడు అని రాస్తూ వస్తున్నాను. లైబ్రరీ పుస్తకం, రాయకూడదు. ఆ రాతలన్నీ చెరిపి ఇచ్చేశాను. వాళ్ళను అనే అర్హత నాకు లేదు.

ఒకటో తారీకున నువ్వు రాలేదు. రావని నాకు తెలుసు. సాక్ష్యాల సమయంలో నేనే లేచాను. కాపలాదారు చీరను చూశానన్నాడు, ఆ చీర ఏ సీట్లో ఉందని మనలో ఒక్కరమూ అడగలేదు అన్నాను. నా భార్య మీద లేని తప్పు మోపి ఇదే సంఘం ముందు నిలబెట్టింది నేనేనన్నాను. పాస్టరుగారు మధ్యలో అందుకుని, "అన్నగారూ, ప్రభువు అందరినీ ఎప్పుడో క్షమించాడు" అన్నారు. "ప్రభువు సంగతి సరేనండీ, గోడలు జాగ్రత్త అని నవ్వినవాళ్ళ సంగతి చెప్పండి. లేచి నిలబడమనండి" అన్నాను. శ్యామ్‌సుందర్ గారు పాటల పుస్తకంలో ముఖం దాచుకున్నారు. ఎవరూ లేవలేదు. నేను కూర్చోలేదు.

అప్పుడు మీ అక్క నా చొక్కా పట్టి లాగింది. "ఈసారైనా నన్ను అడిగి లేచారా?" అంది, అందరికీ వినబడేటట్టు. నన్ను కూర్చోబెట్టి తను లేచింది.

"నేను కుడివైపు సీట్లో కూర్చున్నాను. నడిపింది మా తమ్ముడు. చిన్నపిల్ల రావాలని నేనే దాచాను, దాచింది నా తప్పు. మిగతాది ఎవరిది వారు చూసుకోండి" అని చెప్పి కూర్చుంది. అంతే. నేను పది నిమిషాలు ఉపన్యాసమిస్తే లేవనివాళ్ళు, ఆమె కూర్చున్నాక ఒక్కొక్కరే లేచారు. శ్యామ్‌సుందర్ గారి భార్య రేణు ముందు లేచింది.

నీ సంఘానికి నేను రాయడం లేదు. జాలిపడి కాదు. మీ అక్క వద్దంది, ఈసారి ముందే అడిగాను. నువ్వు ఎప్పుడు లేచి నిలబడతావో అది నీకూ నీ కుర్చీకీ సంబంధించిన విషయం.

దెబోరా సెలవులకని మొన్న శుక్రవారం మా ఇంటికి వచ్చింది. నేనేమీ చెప్పలేదు. పిల్ల ఫెండర్ మీద తెల్ల మచ్చ చూసి, "మామయ్యా, దోసకాయకి గాయం అయింది, పెయింట్ చేద్దామా?" అంది. వద్దన్నాను. దాన్ని అలాగే ఉంచుతాను, పైన వార్నిష్ మాత్రం పూశాను, తుప్పు పట్టకుండా. మిగతా కారంతా అద్దంలా ఉంది. ఎవరడిగినా నేనే చేశానని చెబుతున్నాను, అడగనివాళ్ళకు కూడా.

నిన్న ఉదయం మేమంతా అదే చర్చి పార్కింగ్ లాట్‌కు వెళ్ళాం. మీ అక్క లెర్నర్ పర్మిట్‌కు పరీక్ష రాసి వచ్చింది, అరవై ఒకటో ఏట. చీర కొంగు నడుముకు దోపి స్టీరింగ్ ముందు కూర్చుంది. దెబోరా పక్క సీటు. నేను వెనకాల.

"అత్తా, స్లోగా గ్యాస్ ఇవ్వు. గుడ్. ఇప్పుడు లెఫ్ట్ తిప్పు."

"వసంతా, అద్దం చూసుకో" అన్నాను.

"మీరు నోరు మూసుకుని కూర్చుంటేనే నడుపుతాను" అంది.

మూసుకున్నాను. ఆ తరువాత మళ్ళీ కట్టిన బోర్డు పక్కనుంచి తీసుకెళ్ళింది, జానెడు దూరంలో. కావాలనే చేసిందని అద్దంలో ఆమె కళ్ళు చూసి తెలిసింది. రెండోసారి ఇంకా దగ్గరగా పోనిచ్చింది. చెబితే అబద్ధమనుకుంటావు, నేను దేవుణ్ణి కూడా పిలవలేదు.

కారు దెబోరాదే, ఆ మాట మారదు. కాకపోతే మీ అక్కకు లైసెన్సు వచ్చాక, తనే డ్రైవ్ చేసి పిల్లను యాన్ ఆర్బర్‌లో దించుతుంది. వచ్చేటప్పుడు ఎలా వస్తావని అడిగితే, "ఇంకో కారు కొనండి, పాలిష్ చేయడం వచ్చు కదా" అంది.

నిన్ను క్షమించానని ఈ ఉత్తరంలో ఎక్కడా వెతకకు, లేదు. నువ్వు మాట తప్పావు, రెండుసార్లు, నాకొకసారి, ఆమెకొకసారి. కానీ నువ్వు భయపడ్డావు. మీ అక్క పసిపిల్ల కోసం దాచింది. కాపలాదారు చూసినంతే చెప్పాడు. ప్రతివాడికీ ఒక కారణం ఉంది. కారణం లేనివాడు ఒక్కడే. పైపూత చూసి మోసపోకుండా ఉండటమే ఉద్యోగంగా ఇరవై ఆరేళ్ళు బతికి, తన ఇంటి మనిషి మీద చూడకుండానే సుద్దగీత పెట్టినవాడు. ఇక ముందు ఎవరు ఎన్ని సర్దిచెప్పినా నేను తప్పు పట్టేది అతన్నే. పేరు ఇంటిపేరుతో సహా కింద రాస్తున్నాను.

పులిపాక రత్నరాజు